పగలు గుట్ట మీద, సాయంత్రం చంద్రుడి మీద

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న సార్లకు, మేడంలకు ఒక మాట ముందే చెప్పేస్తాను. టెలిస్కోపు రాత్రి పని అని అందరూ అనుకుంటారు. కాదు, అది పగటి పని. పగలు చేయాల్సింది చేయకుండా రాత్రి ఆకాశం కింద నిలబడితే చంద్రుడంత పెద్ద వస్తువు కూడా దొరకదు. వెనకాల ఊరంతా వరస కట్టి నిలబడి, గొట్టంలో చీకటి తప్ప ఏమీ లేక, మాఘమాసం చలిలో చెమటలు తుడుచుకున్న సార్లను నేను చాలామందిని చూశాను.

నేను జడ్చర్లలో భౌతికశాస్త్రం చెప్పిన టీచరును. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, రిటైర్మెంటు దగ్గర పడుతోందనగా, నన్ను తరగతి గది నుంచి తీసి ఊరూరా తిరిగే పనిలో వేశారు. ఎవరో దాత సర్కారు బడులకు చిన్న టెలిస్కోపులు ఇచ్చాడు. అవి పెట్టెల్లో వచ్చి, పెట్టెల్లోనే హెడ్మాస్టర్ల బీరువాల్లోకి పోయి తాళం వేయించుకున్నాయి. ఖరాబు అయితే ఎవరు జవాబు చెప్పాలి అన్న భయం తప్ప ఆ సార్ల మీద వేరే నేరం మోపలేం. ఆ తాళాలు తీయించి, గొట్టాలు బిగించి, సార్లకు నేర్పి రావడం నా పని. పాత మహబూబ్‌నగర్ జిల్లా, పాత నల్లగొండ జిల్లా రెండూ నా వంతుకే వచ్చాయి. బస్సు దిగి ఆటో, ఆటో దిగి నడక. నా సర్వీసు మొత్తంలో ఇంత సంతోషంగా చేసిన పని ఇంకోటి లేదు.

చిన్న గొట్టం సంగతి

పెట్టెలో పెద్ద గొట్టం ఉంటుంది, మూడు కాళ్ల స్టాండు ఉంటుంది, కంటి దగ్గర పెట్టుకునే కటకాలు ఉంటాయి. మోచేయిలా వంగిన ఒక చిన్న ముక్క ఉంటుంది. దాని లోపల అద్దం ఉంటుంది. గొట్టం పైకి చూస్తున్నా మనం మెడ విరుచుకోకుండా చూసుకునేలా అది వెలుగును మలుపుతుంది. ఇంకా, పెద్ద గొట్టం వీపు మీద ఎక్కించే ఒక బుల్లి గొట్టం ఉంటుంది. దాన్ని ఫైండర్ అంటారు. మా వైపు ఊళ్లలో టెలిస్కోపును దుర్బిన్ అంటారు కాబట్టి, ఫైండర్‌కు 'పిల్ల దుర్బిన్' అని నేనే పేరు పెట్టాను. ఆ పేరు చెబితే ఎవరూ మరిచిపోలేదు.

పెద్ద గొట్టం దూరాన్ని దగ్గరికి తెస్తుంది గానీ, ఒక్కసారి అది చూపించే ఆకాశం చాలా కొంచెం. అంత ఆకాశంలో ఆ కొంచెం జాగాను గుడ్డిగా వెతుక్కోలేం. పిల్ల దుర్బిన్ మాత్రం విశాలంగా చూపిస్తుంది. అందులో అడ్డంగా, నిలువుగా రెండు సన్నటి గీతలు ఉంటాయి. ఆ గీతలు కలిసే చోట చంద్రుణ్ణి పెడితే పెద్ద గొట్టంలో చంద్రుడు ఉండాలి. ఉండాలి అంటే, రెండు గొట్టాలూ ఒకే వైపు చూస్తూ ఉండాలి. పెట్టెలోంచి తీసినప్పుడు అవి అలా చూడవు. మనమే చూసేలా చేయాలి.

దానికి పగలు కావాలి. సూర్యుడు వీపు వెనక ఉండేలా నిలబడండి. సూర్యుడి వైపు గొట్టం తిప్పడం మాట అటుంచి, ఆ ఆలోచన కూడా పెట్టుకోవద్దు. కన్ను పోతుంది, మళ్లీ రాదు. ఇక దూరంగా, కదలకుండా ఉన్న దాన్ని ఒకటి ఎంచుకోండి. ఈ విషయంలో మనం అదృష్టవంతులం. మన దగ్గర ఏ బడి ముందు నిలబడినా దూరంగా ఒక గుట్ట, దాని నెత్తిన ఒక బండ కనిపిస్తాయి. తక్కువగా పెద్దది చేసే కటకం పెట్టి, ముందు పెద్ద గొట్టంలో ఆ బండను నడిమధ్యకు తెచ్చుకోండి. స్టాండు మరలు బిగించండి. అప్పుడు పిల్ల దుర్బిన్‌లో చూడండి. గుట్ట తలకిందులుగా కనిపిస్తుంది, గాబరా పడకండి, దాని తీరే అంత. దాని చుట్టూ ఉన్న మరలను కొద్దికొద్దిగా తిప్పుతూ గీతలు కలిసే చోటును అదే బండ మీదికి తెండి. మళ్లీ పెద్ద గొట్టంలో చూడండి, బండ కదిలిందేమో. కదిలితే మళ్లీ మొదటి నుంచి. విసుగు పుట్టించే పనే. ఇంట్లో మిక్సీ మూత బిగించే ఓపిక ఉన్నవాళ్లు ఇదీ చేయగలరు.

నారాయణపేట వైపు ఒక బడిలో శ్రీలత అనే కొత్త టీచరు నేను వెళ్లకముందే తనంతట తాను ఇదంతా చేసి పెట్టుకుంది. మగ్గం మీద పని తెలిసిన ఇంటి పిల్ల, చేతిలో నేర్పు ఉంది. అయినా రాత్రి పిల్ల దుర్బిన్‌లో చంద్రుడు ఉన్నాడు, పెద్ద గొట్టంలో లేడు. "అన్నీ సరిగ్గానే చేసిన గద మేడం, ఎట్ల తప్పింది?" అని ఏడుపు మొహం పెట్టింది. దేని మీద గురి పెట్టావని అడిగితే, బడి పక్కింటి మిద్దె మీది నీళ్ల ట్యాంకు చూపించింది. తప్పు అక్కడుంది. ముక్కు కొన చూడమంటే మన రెండు కళ్లూ లోపలికి తిరుగుతాయి కదా, దగ్గరి వస్తువు మీద గురి పెడితే రెండు గొట్టాలూ అలాగే తిరుగుతాయి. దూరంగా చూసేసరికి వాటి దారులు వేరైపోతాయి. మర్నాడు గుట్ట మీద గురి పెట్టింది. ఆ తర్వాత నాకు ఆ బడి గురించి దిగులు లేదు.

'ఆఁ, కనబడింది'

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్న వాటిలో ఏ పుస్తకంలోనూ లేని విషయం ఒకటుంది. మన వాళ్లకు మర్యాద ఎక్కువ. కటకంలో కన్ను పెట్టిన మనిషి, లోపల ఏమీ లేకపోయినా, "ఆఁ, కనబడింది" అంటాడు. వెనక వరస ఉంటుంది. చూపించే సారు ఆశగా చూస్తుంటాడు. కనబడలేదంటే తన కంటికే దోషం ఉందనుకుంటారేమోనని భయం. అందుకని ఒక్క క్షణం వంగి, తల ఊపి, పక్కకు జరుగుతాడు. ఒక ఊళ్లో గొట్టం ముందరి మూత కూడా తీయకుండానే కొంతమంది చంద్రుణ్ణి చూసి, మెచ్చుకుని వెళ్లారు.

కాబట్టి 'కనబడిందా?' అని ఎప్పుడూ అడగకండి. 'ఏ వైపు వెలుగు ఉంది? అంచు నున్నగా ఉందా, గరుకుగా ఉందా?' అని అడగండి. తెల్లమొహం వేస్తే కోప్పడకుండా మీరే వెళ్లి చూడండి.

మా పైన ఒక అధికారి ఉండేవాడు. పెద్దసారు అనేవాళ్లం. ఆయనతో నాకు పడేది కాదు, దాచుకునేదేముంది. ఆయన లెక్కలో కార్యక్రమం అంటే ముందు రిబ్బను, తర్వాత ఉపన్యాసం, తర్వాత ఫోటో, ఆ తర్వాత తీరిక ఉంటే చంద్రుడు. ఈలోగా చంద్రుడు గుట్ట వెనక్కి పోయేవాడు. "చంద్రునికి గూడ ప్రోగ్రాం కాపీ పంపాల్సింది సార్" అని ఒకసారి అన్నాను. ఆయన నవ్వలేదు. అయితే ఆయనలో ఒక మంచి గుణం ఉండేది. ఏ బడికి వెళ్లినా పిల్లలందరూ తిన్నాకే తను పళ్లెం ముట్టుకునేవాడు. ఎవరు బతిమాలినా అంతే. ఆ గుణాన్ని టెలిస్కోపు దగ్గరికి ఎందుకు తీసుకురాడో నాకు అర్థమయ్యేది కాదు.

జంగమ్మ అడిగింది

మర్రిగూడ మండలంలో ఒక ఊరి బడి. పొద్దున్నే వెళ్లి, హెడ్మాస్టరు యాదగిరి సారుతో కలిసి ముంగిట్లో స్టాండు నిలబెట్టి, దూరంగా ఉన్న గుట్ట బండ మీద రెండు గొట్టాలనూ కుదిర్చాను. అప్పుడే వంట చేసే జంగమ్మ చాయ్ పట్టుకొచ్చింది.

ఆ మండలం నీళ్ల గురించి మీకు చెప్పాల్సిన పని లేదు. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి గానీ, ఫ్లోరైడు నిండిన బోరు నీళ్లు తాగి పెరిగిన వాళ్ల ఎముకలు మళ్లీ మెత్తబడవు. జంగమ్మ నాకంటే చిన్నదే. నడుము ముందుకు వంగిపోయి, మెడ బిగుసుకుపోయి ఉంది. పక్కకు చూడాలంటే కర్ర ఊతంతో మనిషి మొత్తం తిరగాలి. మొహం ఎప్పుడూ నేల వైపే ఉంటుంది.

"ఏంది మేడం ఇది, ఫోటువల మిషినా?" అంది.

"దుర్బిన్ జంగమ్మా. సాయంత్రం చంద్రుణ్ణి చూపిస్తం."

చాయ్ గ్లాసు నా చేతికిచ్చింది. తర్వాత, వంటకు నూనె ప్యాకెట్ కావాలని అడిగినంత మామూలుగా అడిగింది. "నాకు గూడ సూపిస్తవా?"

"ఎందుకు చూపియ్య?"

"నాకు పున్నమి నాడు తాటిచెట్ల సందుల లేస్తాంటే కనవడ్తడు మేడం, కండ్లు పైకి గుంజి సూస్త. జర ఎక్కంగనే నాకు పోతడు. అందరికుంటడు, నాకుండడు. పండుకోని సూద్దమంటే ఎల్లెలికల పండుకోరాదు. నడి ఆకాశంల చంద్రున్ని సూసి ఎన్నేండ్లాయెనో."

ఆకాశం అందరిదీ అని పాతికేళ్లకు పైగా తరగతి గదిలో చెప్పాను. ఆ మాట తలుచుకుంటే నాకు ఆ పూట సిగ్గేసింది.

ఆ సాయంత్రం పంచమి చంద్రుడు. పొద్దు గూకేసరికి పడమట ఆకాశంలో సగం ఎత్తున ఉంటాడు. గొట్టం అంత ఎత్తుకు చూస్తున్నప్పుడు, ఆ మోచేయి ముక్క వల్ల కటకం మన వైపు ఏటవాలుగా పైకి తిరిగి ఉంటుంది. అంటే చూసే మనిషి ఏటవాలుగా కిందికి చూడాలి. జంగమ్మ మొహం ఉన్నది సరిగ్గా అలాగే. ఎత్తొక్కటే కుదరాలి. స్టాండు కాళ్లు మూడూ పూర్తిగా దించేశాను. గొట్టాన్ని సూర్యుడికి ఎదురు దిక్కున, పడమటి ఖాళీ ఆకాశం వైపు ఎత్తి, జంగమ్మను పిలిచి కన్ను పెట్టమన్నాను.

"తెల్లగ కనవడ్తాంది. గంతే."

"గంతే చాలు."

ఒక చిక్కు మాత్రం ఉంది. చంద్రుడు కిందికి దిగే కొద్దీ కటకం ఇంకా నిటారుగా పైకి తిరుగుతుంది, చూసేవాళ్లు ఇంకా వంగాలి. జంగమ్మ నడుము ఇంకా వంగదు. పొద్దు గూకినాక కొద్దిసేపే ఆమెకు వీలు. అందుకని మొదటి వంతు ఆమెదే అన్నాను.

యాదగిరి సారు మంచివాడే గానీ గాబరా మనిషి. "పెద్దసారు వస్తుండు, ఊరి పెద్దమనుషులు వస్తుండ్రు మేడం. స్టాండు గింత కిందికుంటే వాళ్లు మోకాళ్ల మీద కూసోవాలెనా?"

"జంగమ్మ చూసినంక లేపుదాం సార్. ఎవ్వరి మోకాళ్లకూ ఫికర్ చేయకుండ్రి."

బొట్టు

మధ్యాహ్నం సార్లకు లోపల పాఠం చెప్పి, సాయంత్రం బయటికి వచ్చి చూద్దును కదా, టెలిస్కోపు పెళ్లికూతురిలా ఉంది. కొత్త మిషను ఇంటికొస్తే మనం కొబ్బరికాయ కొట్టకుండా వాడం. స్టాండు ముందు కాయ కొట్టి ఉంది. యాదగిరి సారు పెద్ద బంతిపూల దండ తెచ్చి పిల్ల దుర్బిన్‌కు చుట్టి కట్టాడు. జంగమ్మ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. ఎక్కడ పెట్టిందంటే, పెద్ద గొట్టం ముందరి అద్దం నడిమధ్యన.

నా మొహం చూసి యాదగిరి సారు జేబురుమాలు తీశాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"గదే గద మేడం దాని మొఖం," అంది జంగమ్మ, బెదిరిపోయి. "దిష్టి తగలొద్దని పెట్టిన. తప్పాయెనా?"

"ఏం కాదు జంగమ్మా. ఉండనీ."

ఓదార్పుకు అనలేదు. కొత్తవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. ముందరి అద్దం మీద చిన్న మరక పడినా అది చంద్రుడి మీద కనిపించదు. అద్దంలోని ప్రతి భాగమూ మొత్తం చంద్రుణ్ణి చూపిస్తుంది. కొంత చోటు మూసుకుపోతే వెలుగు రవ్వంత తగ్గుతుంది, అంతే. పొడి రుమాలుతో రుద్దితే మాత్రం గీతలు పడతాయి, అవి ఎప్పటికీ పోవు. ఇదంతా జంగమ్మకు చెప్పాను. నమ్మినట్టు లేదు.

పొద్దు గూకింది. పెద్దసారు కారు ఇంకా రాలేదు. పిల్ల దుర్బిన్‌లో చూసి చంద్రుణ్ణి గీతల మధ్యకు తెచ్చాను. నేను లేచేలోపే యాదగిరి సారు వంగి, పెద్ద గొట్టంలో చూసి, "ఆఁ, కనబడుతుంది. మస్తుగుంది మేడం," అన్నాడు. జంగమ్మ కర్ర పట్టుకుని వచ్చి కన్ను పెట్టింది.

చాలాసేపు చూసింది.

"నల్లగుంది మేడం," అంది చివరికి. "సారుకు కనవడె. నాకు నల్లగుంది." కన్ను తీసి కర్ర మీద బరువు వేసుకుని నిలబడింది. "నేనే ఖరాబు జేసిన. బొట్టు పెట్టి మిషిన్ మొత్తం ఖరాబు జేసిన."

నేను చూశాను. నల్లగానే ఉంది. యాదగిరి సారు నా కళ్లలోకి చూడలేదు. ఆయన మర్యాద ఆ పూట ఆ మనిషికి ఎంత నొప్పి కలిగించిందో ఆయనకు అర్థమైంది.

తప్పు బొట్టుది కాదు, దండది. దండ గట్టిగా చుట్టి ముడేసేసరికి పిల్ల దుర్బిన్ పక్కకు ఒరిగింది. పొద్దున గుట్ట మీద కుదిర్చిందంతా పోయింది. మరి ఇప్పుడు గుట్ట చీకట్లో కలిసిపోయింది. ఇలాంటప్పుడు చంద్రుడి మీద కుదర్చాలని చూడకండి, మీరు మర తిప్పేలోపు ఆయన జరిగిపోతాడు. ఊరి బయట దూరంగా సెల్ టవర్ నెత్తిన ఎర్ర దీపం వెలిగింది. అది కదలదు. దండ విప్పేసి, ఆ దీపం మీద రెండు గొట్టాలనూ మళ్లీ కుదిర్చాను. చంద్రుడు దిగుతున్నాడు, జంగమ్మ నడుముకు ఉన్న గడువు తరుగుతోంది.

అప్పుడే పెద్దసారు కారు వచ్చింది. వెనక ఊరి పెద్దలు, ఫోటో తీసే అతను. పెద్దసారు నేరుగా వచ్చి, "రెడీయేనా మేడం? ముందు మనం ఒక ఫోటో తీసుకుందాం," అన్నాడు.

"మీరు ఇంక గంటకు చూసినా ఇదే చంద్రుడు సార్," అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది. "ఆమెకు మాత్రం ఇప్పుడే. ఇంక జర దిగిండంటే ఆమెకు అందడు."

ఆయన జంగమ్మను చూశాడు. ఆ వంపును, ఆ కర్రను, పూర్తిగా దించి ఉన్న స్టాండును చూశాడు. వెనక్కి జరిగాడు.

గొట్టం చంద్రుడి వైపు తిప్పాను. పిల్ల దుర్బిన్‌లో గీతల మధ్య పెట్టాను. పెద్ద గొట్టంలో చూస్తే తెల్లటి నెలవంక నిండుగా ఉంది. జంగమ్మను పిలిస్తే రానంది. "వద్దు మేడం, పెద్దోళ్లు సూడనీ. నాకు మల్ల నల్లగుంటది."

"నా మాట మీద ఒక్కపారి చూడు."

వచ్చింది. కన్ను పెట్టింది. కటకం లోంచి వచ్చిన వెలుగు ఆమె కంటి కింద చిన్న చుక్కలా పడింది.

"బొట్టు కనవడ్తలేదు," అంది మెల్లగా.

"మరి ఏం కనవడ్తాంది?"

"గుంతలు. అంచుకు అంతా గుంతలు, మిట్టలు. మా చెల్క భూమి లెక్కనే ఉంది." కర్ర మీద పట్టు మార్చుకుని ఇంకొంచెం దగ్గరికి జరిగింది. "ఓయమ్మ. కిందికి సూస్తాంటే కనవడ్తాండు మేడం. నేను కిందికే సూస్తాన్న."

పక్కన ఎవరున్నారో పట్టించుకోకుండా కళ్లు తుడుచుకున్నాను.

"పోతాండు, పోతాండు," అందామె. భూమి తిరుగుతుంటే చంద్రుడు కటకం అంచుకు జరుగుతాడు. పిల్ల దుర్బిన్ సరిగ్గా ఉంది కాబట్టి క్షణంలో వెనక్కి తెచ్చి పెట్టాను. మళ్లీ జరిగితే మళ్లీ తెచ్చాను. వరస అంతా ఓపిగ్గా నిలబడింది. ఆమె చాలనే దాకా చూసింది.

ఆమె పక్కకు జరగ్గానే యాదగిరి సారు స్టాండు కాళ్లు లేపడానికి ముందుకు వచ్చాడు. "ఉండనీండి సార్," అన్నాడు పెద్దసారు. ప్యాంటు పట్టించుకోకుండా ఆ ముంగిట్లో దుమ్ములో రెండు మోకాళ్లూ ఆనించి కూర్చున్నాడు. కన్ను పెట్టాడు. అటూ ఇటూ జరిగాడు. ఆయన నోట నేను అంతకుముందు ఎప్పుడూ వినని మాట అన్నాడు.

"నాకేం కనిపిస్తలేదు మేడం."

నేను నోరు తెరిచేలోపే జంగమ్మ కర్ర ఊతంగా మొత్తం తిరిగి, ఆయన పక్కకు వచ్చి నిలబడింది.

"ఇంక జర వంగుండ్రి సారూ," అంది. "కనవడ్తడు."